జావాస్క్రిప్ట్‌లో అర్రేని వెనక నుంచి విప్పడం: నా అనుభవం

జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసేవాళ్లకి డిస్ట్రక్చరింగ్ (అర్రేని, అంటే వరుసగా పేర్చిన విలువల్ని, విప్పి పేర్లకి పంచడం) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో వచ్చింది. అర్రేలో మొదటి రెండు మూడు విలువలకి ఒకే లైన్లో పేర్లు పెట్టి తీసేసుకుని, మిగతావన్నీ మూడు చుక్కలు పెట్టి ఒకచోట పోగేసుకోవచ్చు. అదే పని చివర నుంచి చేద్దామంటే మాత్రం కుదరదు. నాకు అది కుదరాల్సిన అవసరం పడింది, దానికోసం ఒక చిన్న ఫంక్షన్ రాసుకున్నాను, చూస్తే గుప్పెడు లైన్లే, కానీ ఒక్కో లైన్ దగ్గర ఆగి ఆలోచించాల్సింది ఉంది. ఇలాంటి డేటాతో కుస్తీ పడే ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు డేటా సంగతి. మా చిన్నాన్నకి పలాసలో జీడిపప్పు వ్యాపారం. ఆర్డర్లు ఫోన్లో వస్తాయి, అడ్రసులు వాట్సాప్‌లో వస్తాయి, వాటన్నిటినీ షాపులో కుర్రాడు ఒక షీట్లో ఎక్కిస్తాడు. పార్శిళ్లని మండలాల వారీగా విడదీసి మూటలు కట్టాలి, లేబుళ్లు ప్రింటు తీయాలి. చేత్తో చేస్తుంటే సంక్రాంతి ముందు రాత్రి పదకొండు దాకా షాపు మూయడం లేదు. "ఒరే, నువ్వు కంప్యూటర్లో ఏటేటో చేస్తావు కదా, ఇది చెయ్యలేవా?" అన్నాడు. శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేస్తాను కాబట్టి సాయంత్రాలు ఖాళీయే. చేస్తానన్నాను.

అడ్రసులు ఇలా ఉంటాయి:

4-12, రామాలయం వీధి, టెక్కలి, శ్రీకాకుళం, 532201

కేరాఫ్ కిరాణా షాపు, పాత బస్టాండ్ వెనక, వాటర్ ట్యాంక్ పక్క సందు, మేడ మీద ఇల్లు, రాజాం, విజయనగరం, 532127

గమనించారా, ముందు ఎన్ని ముక్కలుంటాయో ఎవరూ చెప్పలేరు. ఒకాయన డోర్ నంబరు రాసి ఊరుకుంటాడు, ఇంకొకావిడ గుడి, బడి, రేషన్ డిపో అన్నీ గుర్తులు చెబుతుంది, అది తప్పు కూడా కాదు, పల్లెల్లో పార్శిల్ చేరాలంటే డోర్ నంబరు కన్నా ఆ గుర్తులే ముఖ్యం. కానీ ఎంత పొడుగు రాసినా చివరి మూడూ మారవు: మండలం, జిల్లా, పిన్‌కోడ్. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండికి ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టకుండా వెనక జనరల్ పెట్టె కోసం ప్లాట్‌ఫాం చివరికి నడిచినట్టే, ఈ అడ్రసుల్ని కూడా చివర నుంచే చదవాలి.

కామా దగ్గర విడగొడితే అర్రే వస్తుంది. ఆ తర్వాత నా మనసుకి సహజంగా తోచిన లైన్ ఇది. జావాస్క్రిప్ట్ వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా ఒప్పుకుంటుంది, అందుకని ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తాను, చదవడానికి తేలిక:

[...గుర్తులు, మండలం, జిల్లా, పిన్] = ముక్కలు

చూడ్డానికి ఎంత బాగుంది! కానీ నడవదు. రన్ కూడా అవకముందే సింటాక్స్ ఎర్రర్, క్రోమ్‌లో అయితే 'రెస్ట్ ఎలిమెంట్ మస్ట్ బి లాస్ట్ ఎలిమెంట్' అని. అంటే మూడు చుక్కలు ఎప్పుడూ ఆఖరునే ఉండాలి.

మా టీములో విజయనగరం అమ్మాయి ఒకామె ఉంది, పైథాన్ అనే ఇంకో భాషలో రాస్తుంది. ఆమెకి చెబితే "అన్నా, మాకు ఒక్క నక్షత్రం గుర్తు పెడితే అయిపోద్ది కదా" అంది. నిజమే. పైథాన్‌లో 2008లో వచ్చిన 3.0 నుంచీ ఇది ఉంది, నక్షత్రం పెట్టిన పేరు ముందున్నా, మధ్యలో ఉన్నా, చివరున్నా పర్లేదు. రూబీలోనూ ఉంది. రస్ట్‌లో 2020లో వచ్చిన 1.42తో అర్రే మధ్య భాగాన్ని వదిలేసి రెండు చివర్లూ పట్టుకునే వీలొచ్చింది. మరి జావాస్క్రిప్ట్‌కి ఏమైంది?

నాకు ఇక్కడ ఆగి తెలుసుకోవాలనిపించింది, ఎందుకంటే కారణం తెలియకుండా పక్కదారి కడితే అది ఎక్కడ కూలుతుందో కూడా తెలియదు. చదివి, చిన్న చిన్న జనరేటర్లు (అడిగినప్పుడల్లా ఒక్కో విలువ ఇచ్చే ఫంక్షన్లు) రాసి ప్రింటు చేయించి చూస్తే అర్థమైంది ఇది. జావాస్క్రిప్ట్‌లో అర్రే డిస్ట్రక్చరింగ్ నిజానికి అర్రే మీద పని చేయదు, విలువల్ని ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ మీద పని చేస్తుంది. ఎడమ పక్క ఒక పేరు కనిపించగానే 'తర్వాతది ఇవ్వు' అని అడుగుతుంది, ఇంకో పేరు కనిపిస్తే మళ్లీ అడుగుతుంది, పేర్లు అయిపోయాక ఇటరేటర్లో ఇంకా సరుకు మిగిలుంటే 'ఇంక చాలు' అని చెప్పి మూసేస్తుంది. అడిగేవాడు మొత్తం ఎన్ని అడుగుతాడో ఇచ్చేవాడికి ముందుగా తెలియదు, ఇచ్చేవాడి దగ్గర ఎన్నున్నాయో అడిగేవాడికి తెలియదు. అలాంటప్పుడు 'చివరి మూడు' అనే మాటకి ఆ పద్ధతిలో చోటే లేదు. పైథాన్ అయితే నక్షత్రానికి ముందు ఎన్ని పేర్లు, తర్వాత ఎన్ని పేర్లు అనేది కంపైల్ చేసేటప్పుడే బైట్‌కోడ్‌లో (ప్రోగ్రాంని మార్చగా వచ్చే లోపలి రూపంలో) రాసి పెట్టుకుంటుంది, మిగతావన్నీ లిస్టులోకి లాక్కుని చివరివి విడదీసి ఇస్తుంది.

దీంతో ఒక విషయం తేలిపోయింది. నేను ఎంత తెలివైన ఫంక్షన్ రాసినా, ఎడమ పక్క ఎన్ని పేర్లున్నాయో దానికి తెలిసే దారి లేదు. ప్రాక్సీ (ఒక వస్తువుకి వచ్చే పిలుపుల్ని మధ్యలో పట్టుకునేది) పెట్టి ఏదైనా మాయ చేయొచ్చేమో అని కొందరు మిత్రులు అన్నారు, కానీ ప్రాక్సీకి కూడా చేరేది ఒక్కో పిలుపే, మొత్తం లెక్క ముందుగా చేరదు. కాబట్టి 'ఎన్ని' అన్నది నేనే చెప్పాలి.

సరే, కొత్తగా రాయకుండా ఉన్నవాటితో ఎంత దూరం వెళ్లొచ్చో చూశాను. పాప్ అనే మెథడ్ చివరిది తీసి ఇస్తుంది, కానీ అర్రే నుంచి పీకేస్తుంది. అదే అర్రేని ఇంకోచోట లేబుల్ ప్రింటు చేయడానికి వాడుతుంటే అక్కడ అడ్రసు కురచైపోతుంది. రివర్స్ చేసి ముందు నుంచి విప్పొచ్చు, కానీ రివర్స్ కూడా అసలు అర్రేనే తిప్పేస్తుంది. ఈఎస్ 2023లో వచ్చిన టు-రివర్స్‌డ్ కాపీ చేసి తిప్పుతుంది, అది నయమే, అయితే మిగిలిన గుర్తులన్నీ తలకిందులుగా వస్తాయి, 'మేడ మీద ఇల్లు, వాటర్ ట్యాంక్ పక్క సందు, పాత బస్టాండ్ వెనక' అని. వాటిని మళ్లీ తిప్పాలి. పైగా పేర్లు పిన్, జిల్లా, మండలం అని వెనక నుంచి రాయాలి, చదివేవాడికి అది నరకం.

ఇంకో చమత్కారం ఉంది, అర్రేని ఆబ్జెక్ట్‌లా (ప్రతి విలువకీ ఒక పేరున్న పెట్టెలా) విప్పడం. ముందు పొడుగుని ఒక పేరులోకి తీసుకుని, అదే లైన్లో ఆ పొడుగులోంచి ఒకటి తీసేసిన స్థానంలో ఉన్నది ఇవ్వమని అడగొచ్చు. పని చేస్తుంది. కానీ మూడు విలువలకి మూడు తీసివేతలు, చదివితే లెక్కల పేపర్ లాగా ఉంటుంది.

ఒక్కటే కావాలంటే మాత్రం ఏ యుటిలిటీ అక్కర్లేదు. ఈఎస్ 2022లో వచ్చిన ఎట్ అనే మెథడ్‌కి మైనస్ ఒకటి ఇస్తే చివరిది వచ్చేస్తుంది. నేను రాసిన ఫంక్షన్ గురించి ఎవరడిగినా నేను ముందు ఇదే చెబుతాను. రెండు మూడు విలువలు, వాటితోపాటు మిగిలిన ముందు భాగం కూడా కావాలన్నప్పుడే నా ఫంక్షన్ అవసరం.

చివరికి నేను ఖాయం చేసుకున్న రూపం ఇది:

[గుర్తులు, మండలం, జిల్లా, పిన్] = చివరనుంచి(ముక్కలు, 3)

మొదటి స్థానంలో ముందు భాగం మొత్తం ఒకే అర్రేగా వస్తుంది, ఆ తర్వాత చివరి మూడూ వాటి అసలు క్రమంలోనే వస్తాయి. అంటే నేను మొదట రాయాలనుకున్న లైన్‌కీ దీనికీ తేడా మూడు చుక్కలు పోయి కుడి పక్క ఒక పిలుపు వచ్చింది, అంతే. పేర్ల వరుస మారలేదు, అది నాకు చాలా ముఖ్యం.

లోపల రాయడానికి స్లైస్ (అర్రేలో ఒక భాగాన్ని కాపీ చేసి ఇచ్చే మెథడ్, మైనస్ అంకె ఇస్తే చివర నుంచి లెక్కపెడుతుంది) రెండుసార్లు వాడితే సరిపోతుందనిపిస్తుంది: సున్నా నుంచి మైనస్ మూడు దాకా ఒకటి, మైనస్ మూడు నుంచి చివరి దాకా ఇంకొకటి. చాలాచోట్ల ఇలాగే రాస్తారు కూడా. దీంట్లో రెండు గుంటలున్నాయి.

మొదటిది సున్నా. 'ఎన్ని' అన్నచోట సున్నా ఇస్తే మైనస్ సున్నా అవుతుంది, స్లైస్‌కి మైనస్ సున్నా అంటే మామూలు సున్నాయే. అంటే 'చివరి సున్నా విలువలు ఇవ్వు' అని అడిగితే మొత్తం అర్రే చేతిలో పెడుతుంది, ముందు భాగమేమో ఖాళీగా వస్తుంది. పూర్తిగా తిరగబడిన జవాబు, అదీ ఏ ఎర్రరూ లేకుండా. అందుకే మైనస్ లెక్క జోలికి పోకుండా, పొడుగులోంచి 'ఎన్ని' తీసేసి కోత ఎక్కడ పడాలో ముందే లెక్కపెట్టి, అది సున్నా కన్నా తగ్గకుండా చూసి, ఆ స్థానం దగ్గరే రెండు ముక్కలు చేశాను.

రెండో గుంట నా దృష్టిలో ఈ మొత్తం పనికి ప్రాణం లాంటిది. అర్రే మనం అడిగినదానికన్నా పొట్టిగా ఉంటే ఏం చేయాలి? ఒకాయన అడ్రసు బదులు 'శ్రీకాకుళం, 532001' అని మాత్రమే పంపాడనుకోండి. మండలం లేదు. మైనస్ మూడు స్లైస్ ఉన్న రెండూ ఇచ్చేస్తుంది, అప్పుడు శ్రీకాకుళం వెళ్లి మండలం పేరులో కూర్చుంటుంది, పిన్‌కోడ్ జిల్లా అవుతుంది, పిన్ ఖాళీ అవుతుంది. ఒక్కటి లేకపోతే మూడూ తప్పుతాయి. మనం చివర నుంచి చదువుతున్నామంటే చివరిది నమ్మకమైనది అని కదా అర్థం! కాబట్టి లేనిది ఏదైనా ఎడమ పక్కే లేకుండా పోవాలి: మండలం అన్‌డిఫైన్డ్ (విలువే లేదని జావాస్క్రిప్ట్ చెప్పే మాట), జిల్లా శ్రీకాకుళం, పిన్ 532001. ఎన్ని తగ్గితే అన్ని అన్‌డిఫైన్డ్‌లు కోసిన ముక్కకి ముందు వైపు చేర్చాలి.

నల్ (కావాలని పెట్టే ఖాళీ విలువ) కాకుండా అన్‌డిఫైన్డే ఎందుకంటే, డిస్ట్రక్చరింగ్‌లో డిఫాల్ట్ విలువ (ఏదీ రాకపోతే బదులుగా వాడేది) పనిచేసేది అన్‌డిఫైన్డ్ వచ్చినప్పుడు మాత్రమే. అప్పుడు ఇలా రాసుకోవచ్చు:

[గుర్తులు, మండలం = "తెలియదు", జిల్లా, పిన్] = చివరనుంచి(ముక్కలు, 3)

'తెలియదు' అని వచ్చిన లేబుళ్లని పక్కన పెట్టి కుర్రాడు ఫోన్ చేసి అడుగుతాడు. చిన్నాన్నకి ఇదే బాగా నచ్చింది, "లేనిది లేదని చెప్పేస్తంది, అది చాలు నాకు" అన్నాడు.

ఇక్కడే ఇంకో చిక్కు. వాట్సాప్‌లో టైపు చేసేవాళ్లు రెండు కామాలు పక్కపక్కన కొట్టేస్తారు, చివర పిన్ తర్వాత కూడా ఒక కామా పెడతారు. విడగొడితే ఖాళీ స్ట్రింగులు, అంటే అక్షరమే లేని ముక్కలు, వస్తాయి. ఖాళీ స్ట్రింగ్ అంటే అన్‌డిఫైన్డ్ కాదు, డిఫాల్ట్ పనిచేయదు, పైగా పిన్ స్థానంలోకి ఆ ఖాళీయే వచ్చి కూర్చుంటుంది. దీన్ని ఫంక్షన్ లోపలే తుడిచేద్దామా అని కొంతసేపు ఊగిసలాడి, వద్దనుకున్నాను. అర్రేలో ఖాళీ స్ట్రింగ్ ఉండడం ఇంకొకరి డేటాలో అర్థవంతమే అయి ఉండొచ్చు. ముక్కల చుట్టూ ఖాళీలు తీసేయడం, ఉత్త ముక్కలు ఏరేయడం అన్నది విప్పడానికి ముందు జరగాల్సిన వేరే పని. వేరే లైన్లో ఉంచాను.

అలాగే పిన్‌కోడ్ సరైనదేనా అని చూడడం కూడా బయటే. చివరి ముక్క ఆరు అంకెలు కాకపోతే ఆ అడ్రసు విప్పకుండానే పక్కకి పోతుంది. కొందరు '532 201' అని మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు, ముందు ఆ ఖాళీ తీసేసి చూడాలి.

ఇదంతా వింటూ ఒక మిత్రుడు అడిగాడు, పిన్‌కోడ్ ఉంది కదా, మొదటి మూడంకెలు చూసి జిల్లా చెప్పేయొచ్చుగా, ఈ విప్పడాలెందుకు అని. బయటి నుంచి చూస్తే సబబే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైనప్పటి నుంచి మొదటి మూడంకెలు కలిపి తపాలా సార్టింగ్ జిల్లాని చెబుతాయి, మనకి శ్రీకాకుళం వైపు 532, విజయనగరం వైపు 535. కానీ అది తపాలా వాళ్ల జిల్లా, కలెక్టరు గారి జిల్లా కాదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పిన్‌కోడ్లు మాత్రం 532తోనే ఉన్నాయి. రాజాం పిన్ 532127 చూసి శ్రీకాకుళం అని లేబుల్ వేస్తే మూట వేరే దిక్కున పడుతుంది. పైగా రాజాంలో ఇప్పటికీ అలవాటు కొద్దీ శ్రీకాకుళం జిల్లా అని రాసేవాళ్లున్నారు. అందుకే రాసిన జిల్లా ఒకటి, మండలం పేరు ఒకటి, రెండూ విడివిడిగా చేతికొస్తే, మండలాన్ని బట్టి జిల్లా సరిచూసుకునే చిన్న పట్టిక పెట్టుకున్నాం. ఆ పట్టిక పనిచేయాలంటే మండలం తప్పకుండా మండలం స్థానంలోనే రావాలి.

తర్వాత, అర్రే కానిది ఇస్తే ఏం చేయాలన్న ప్రశ్న. సెట్ (ఒకే విలువ రెండుసార్లు ఉండని గుంపు) ఇచ్చినా, జనరేటర్ ఇచ్చినా ముందు అర్రేగా మార్చుకుని అదే పని చేస్తుంది. ఎప్పటికీ అయిపోని జనరేటర్ ఇస్తే మాత్రం ఇది కూడా ఆగదు, చివరే లేనిదానికి చివర చూపించలేం కదా, ఆ సంగతి రీడ్‌మీలో (ఫంక్షన్‌తోపాటు ఇచ్చే వివరణ ఫైల్లో) రాశాను. 'ఎన్ని' స్థానంలో మైనస్ అంకె గానీ, రెండున్నర లాంటిది గానీ ఇస్తే రేంజ్ ఎర్రర్ విసురుతుంది.

స్ట్రింగ్‌ని మాత్రం కావాలనే ఒప్పుకోలేదు. సాంకేతికంగా స్ట్రింగ్ కూడా ఇటరబులే (ఒక్కో ముక్కగా తీసుకోగలిగేదే), కాబట్టి ఇస్తే పనిచేస్తుంది, కానీ తెలుగు స్ట్రింగ్ ఇచ్చి చూడండి. 'శ్రీకాకుళం' విప్పితే పది ముక్కలొస్తాయి: శ, పొల్లు, ర, ఈత్వం, ఇలా. చివరిది కావాలంటే సున్నా ఒక్కటే విడిగా వస్తుంది, 'ళం' రాదు. అది ఎవరికీ అక్కరకు రాదు. అక్షరాల వారీగా విడగొట్టడానికి ఇంటిల్ సెగ్మెంటర్ అని వేరే సాధనం ఉంది, దాన్ని వాడి అర్రే తయారు చేసుకుని అప్పుడు నా ఫంక్షన్‌కి ఇవ్వొచ్చు. నేరుగా స్ట్రింగ్ ఇస్తే టైప్ ఎర్రర్. ఇంగ్లిష్‌లో బాగానే నడిచి తెలుగులో విరిగే వస్తువులు మన చుట్టూ చాలానే ఉన్నాయి, ఇంకొకటి నా చేతి మీదుగా బయటికి రావడం నాకు ఇష్టం లేదు.

టైప్‌స్క్రిప్ట్ (ఏ విలువ ఏ రకమో ముందే రాసి సరిచూసుకునే జావాస్క్రిప్ట్ రూపం) టైపులు రాయడం దగ్గర ఎక్కువ టైము పట్టింది. విచిత్రం ఏంటంటే, విలువల విషయంలో జావాస్క్రిప్ట్ ఒప్పుకోని రూపాన్ని టైపుల విషయంలో టైప్‌స్క్రిప్ట్ 2021లో వచ్చిన 4.2 నుంచి ఒప్పుకుంటుంది. ట్యూపుల్ (ఏ స్థానంలో ఏ రకం విలువో రాసి ఉన్న అర్రే) టైపులో మూడు చుక్కల భాగాన్ని ముందైనా మధ్యలోనైనా పెట్టొచ్చు, 'ఎన్నో కొన్ని స్ట్రింగులు, ఆఖర్న ఒక నంబరు' అని రాయొచ్చు. కానీ నా ఫంక్షన్‌కి 3 ఇస్తే మూడు విలువల ట్యూపుల్, 2 ఇస్తే రెండు విలువల ట్యూపుల్ రావాలి, దానికి తనని తానే వాడుకునే రికర్సివ్ టైపు రాయాలి. రాశాను, పనిచేసింది, మరుసటి రోజు నేనే చదివితే అర్థం కావడానికి సమయం పట్టింది. దాన్ని తీసేసి ఒకటి నుంచి ఐదు వరకు మామూలు ఓవర్‌లోడ్లు (ఒక్కో అంకెకి ఒక్కో టైపు వరుస) రాసి పెట్టాను. ఐదుకి మించి చివర నుంచి విప్పాల్సి వస్తే ఆ డేటా అర్రేలో కాదు, ఆబ్జెక్ట్‌లో ఉండాలని నా అభిప్రాయం. ప్రతి విలువా అన్‌డిఫైన్డ్ కూడా కావొచ్చని టైపులోనే ఉంది, దానివల్ల వాడేవాడు చెక్ చేయక తప్పదు.

టెస్టులకి ఏ లైబ్రరీ తేలేదు, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లోనే ఉన్న టెస్ట్ రన్నర్ వాడాను, నోడ్ 18 నుంచి ఉంది, 20లో స్టేబుల్ అయింది. ఖాళీ అర్రే, సరిగ్గా మూడున్న అర్రే, రెండే ఉన్నది, 'ఎన్ని' సున్నా, అసలు అర్రే మారకుండా ఉందా, ఇవన్నీ పెట్టాను. వాటితోపాటు చిన్నాన్న షీట్లోని అడ్రసుల్లోంచి పేర్లూ డోర్ నంబర్లూ మార్చేసి కొన్ని నిజమైన వరుసలు కూడా చేర్చాను.

ఇంత చిన్నదాన్ని ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు అందరూ దించుకునే చోట) పెట్టాలా వద్దా అని మా టీములో పెద్ద చర్చే జరిగింది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే ప్రపంచమంతా ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి, ఆ మాట రాగానే అందరూ వద్దన్నారు. విజయనగరం అమ్మాయి ఒక్కతే "పెట్టన్నా, కానీ కాపీ చేసుకోమని కూడా రాయి" అంది. ఆమె మాట నాకు సరైనదనిపించింది. నా పేరు కింద స్కోప్డ్ ప్యాకేజీగా పెట్టాను. మొదటిసారి పబ్లిష్ చేసేటప్పుడు యాక్సెస్ పబ్లిక్ అని విడిగా చెప్పాను. రీడ్‌మీలో మొదటి పేరాలోనే ఫంక్షన్ మొత్తం కనిపించేలా ఇచ్చి, మీ ప్రాజెక్టులోకి నేరుగా కాపీ చేసుకోండి, డిపెండెన్సీగా పెట్టుకోవాల్సిన పని లేదు అని రాశాను. చిన్నాన్న షాపు ప్రోగ్రాంలో కూడా అది కాపీగానే ఉంది.

లేబుళ్ల ప్రోగ్రాం ఇప్పుడు రోజూ నడుస్తోంది. మూటలు కట్టే కుర్రాడు ముందు టెక్కలివి, తర్వాత నరసన్నపేటవి అని వరుసగా ప్రింటు తీసుకుంటున్నాడు, 'తెలియదు' అని వచ్చినవాటికి మధ్యాహ్నం కూర్చుని ఫోన్లు చేస్తున్నాడు. ఈ మధ్య ఒకరిద్దరు రెండు చివర్లూ ఒకేసారి విప్పేలా చేయమని అడిగారు, ముందు రెండు, వెనక మూడు, మధ్యలోవి ఒక అర్రేలో అని. చేయడం కష్టం కాదు. కానీ అర్రే పొట్టిదైతే ఉన్న విలువలు ముందు పేర్లకి వెళ్లాలా, వెనక పేర్లకి వెళ్లాలా అన్నదానికి అందరికీ ఒప్పే జవాబు లేదు, నా డేటాకి వెనకే ముఖ్యం, ఇంకొకరికి ముందే ముఖ్యం కావొచ్చు. అందుకని అది చేర్చలేదు. కావాల్సినవాళ్లు ముందు ఈ ఫంక్షన్‌తో చివరివి తీసుకుని, మిగిలిన మొదటి అర్రేని మామూలు డిస్ట్రక్చరింగ్‌తో విప్పుకోవచ్చు, అప్పుడు ఎవరికి ముందు దక్కాలో వాళ్లే రాసుకున్నట్టవుతుంది.